తూర్పు తీరంలో హనఫీ ధర్మం: కాకినాడ ప్రాంతంలో ఇస్లామీయ న్యాయశాఖల చరిత్ర

హిందూ మహాసముద్రపు ఓడరేవుల్లో ముస్లింలు ఏ ధర్మశాస్త్ర శాఖను పాటిస్తారో గమనిస్తే, ఆ రేవుకు ఇస్లాం ఏ దారిన వచ్చిందో చాలావరకు తెలిసిపోతుంది. యెమెన్ దక్షిణాన ఉన్న హద్రమౌత్ నుంచీ, ఇతర అరబ్ తీరాల నుంచీ ఓడలెక్కి వచ్చిన వర్తకులూ పండితులూ మలబారు మాప్పిళ్ళకూ, భట్కల్ నవాయత్‌లకూ, తమిళ తీరపు మరక్కాయర్లకూ, ఇంకా తూర్పున జావా, సుమత్రా దీవులకూ షాఫయీ శాఖను అందించారు. ఢిల్లీ నుంచి, దక్కన్ నుంచి నేలదారిన వచ్చిన సైన్యాలూ, ఖాజీలూ, సూఫీలూ తమ వెంట హనఫీ శాఖను తెచ్చారు. కాకినాడ, దానికి ముందు కోరంగి, ఇంజరం, జగన్నాథపురం సముద్ర వ్యాపారం మీదే బతికిన రేవులైనా, ఈ ప్రాంతపు ముస్లింలలో అత్యధికులు హనఫీలే. అంటే ఇక్కడి సరుకు సముద్రం మీద పోయింది గానీ ధర్మం గట్టు మీదుగా వచ్చింది. జగన్నాథపురంలో 1825 దాకా వర్తక స్థావరం నడిపిన డచ్చివారు జావాలో తమ ముస్లిం ప్రజల వ్యాజ్యాల కోసం ఆ తర్వాతి కాలంలో నవవీ రాసిన షాఫయీ గ్రంథం మిన్‌హాజ్‌ను ఫ్రెంచిలోకి అనువదింపజేసుకోవలసి వచ్చింది. అదే గ్రంథం గోదావరి జిల్లా కోర్టుల్లో అవసరపడే సందర్భం దాదాపు లేకపోయింది.

ఈ నేలదారికి ఆధారం రాజమహేంద్రవరంలో రాతి మీదే ఉంది. అక్కడి ప్రధాన వీధిలోని మసీదు ద్వారం మీది పారశీక శాసనం హిజ్రీ 724 రంజాన్ 20, అనగా 1324 సెప్టెంబరు 10 నాటిది. ఢిల్లీ సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ పాలనలో, యువరాజు ఉలుగ్ ఖాన్ దక్షిణ దండయాత్రల తర్వాత, సాలార్ ఉల్వీ ఈ మసీదును కట్టించాడని అది చెబుతుంది. అదే సుల్తాను కొలువులో, ఆ కాలంలోనే, ధర్మశాస్త్ర శాఖల చరిత్రలో తరచూ ప్రస్తావనకు వచ్చే వివాదం ఒకటి జరిగింది. సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా ‘సమా’ను, అనగా భక్తి సంగీత గోష్ఠిని, ఆచరించడం చెల్లుతుందా అన్న ప్రశ్న మీద సుల్తాను పండిత సభ ఏర్పాటు చేశాడు. ఔలియా తన వాదానికి ఆధారంగా ప్రవక్త ప్రవచనాన్ని, అనగా హదీసును చూపగా, అక్కడి హనఫీ పండితులు దాన్ని తోసిపుచ్చి, ఈ నగరంలో హదీసు కంటే మన ధర్మశాస్త్రకారుల నిర్ణయమే ముందు నడుస్తుందనీ, ఆ ప్రవచనం షాఫయీ వర్గం ఆధారపడేది కనుక దాన్ని వినబోమనీ చెప్పినట్లు సూఫీ చరిత్రకారుడు అమీర్ ఖుర్ద్ గ్రంథం నమోదు చేసింది. ఆయన ఔలియా వర్గానికి చెందినవాడు కాబట్టి పండితులను కొంత మొండివారిగా చూపి ఉండవచ్చు. అయినా ఆ కథనం బయటపెట్టిన చిక్కు నిజమైనదే. మూల ప్రమాణం ఎదురుగా ఉన్నప్పుడు శాఖ నిర్ణయానికి కట్టుబడాలా, లేక వేరొక శాఖ దారిలోకి దాటవచ్చా, దాటితే ఆ అనుమతి ఇచ్చేదెవరు? తర్వాతి ఆరు వందల ఏళ్ళలో ఈ ప్రశ్న గోదావరి తీరానికి వేరువేరు రూపాల్లో వస్తూనే ఉంది.

ఇస్లామీయ ధర్మశాస్త్రాన్ని ‘ఫిఖ్’ అనీ, అందులోని ఒక్కొక్క శాఖను ‘మజ్‌హబ్’ అనీ అంటారు. సున్నీలలో నాలుగు శాఖలు నిలిచాయి: కూఫా నగరానికి చెందిన అబూ హనీఫా (మరణం 767), మదీనాకు చెందిన మాలిక్ (795), ఇరాక్‌లోనూ ఈజిప్టులోనూ బోధించిన షాఫయీ (820), బాగ్దాదుకు చెందిన అహ్మద్ ఇబ్న్ హంబల్ (855) వాటికి మూల పురుషులు. షియాలలో పెద్ద వర్గమైన ఇమామియాలు ఆరవ ఇమాం జాఫర్ సాదిఖ్ (765) పేర జాఫరీ శాఖను పాటిస్తారు. ఖురాన్, హదీసు ప్రమాణాలన్న విషయంలో వీరెవరికీ భేదం లేదు. మితాక్షర, దాయభాగం రెండూ స్మృతులనే ఆధారం చేసుకుని కూడా ఆస్తి పంపకంలో వేరుపడినట్లే, ఇక్కడా భేదమంతా ఆ ప్రమాణాలను ఎలా చదవాలి, అవి మౌనంగా ఉన్నచోట ఏం చేయాలి అన్న దగ్గర మొదలవుతుంది. తెలిసిన విధి నుంచి తెలియని సందర్భానికి పోలికను బట్టి విధిని సాగదీయడం ‘ఖియాస్’. దీన్ని నాలుగు సున్నీ శాఖలూ అంగీకరిస్తాయి, జాఫరీలు నిరాకరించి ఇమాముల ప్రవచనాల మీదా, బుద్ధి, అనగా ‘అఖ్ల్’ మీదా ఆధారపడతారు. ఖియాస్ కఠిన ఫలితానికి దారితీసినప్పుడు దాన్ని విడిచి మేలైన మార్గాన్ని ఎంచుకోవడం హనఫీల ‘ఇస్తిహ్సాన్’. అలా చేసేవాడు తానే ధర్మకర్తనని చెప్పుకుంటున్నట్లేనని షాఫయీ దీన్ని గట్టిగా ఖండించాడు. మాలికీలు మదీనా వాసుల వాడుకకు, ప్రజాహితానికి విశేష స్థానమిచ్చారు. హంబలీలు పోలికల కంటే ప్రవచనాల అక్షరానికి దగ్గరగా ఉండేందుకు మొగ్గు చూపారు.

ఈ సూత్రాలు గ్రంథాల్లో చదివితే పొడిగా కనిపిస్తాయి గానీ, గోదావరి పాయల మీద నావలు కట్టించే వర్తకుడి లావాదేవీలో పెట్టి చూస్తే వాటి పని తెలుస్తుంది. కోరంగి, తాళ్ళరేవు ఒకప్పుడు కొయ్య ఓడల నిర్మాణానికి పేరుపడ్డ చోట్లు. ఓడ కట్టించుకునేవాడు వడ్రంగి మేస్త్రీతో ఒప్పందం చేసుకునేనాటికి ఆ ఓడ ఇంకా లేదు. టేకు దూలాలు కూడా కొనలేదు. లేని వస్తువును అమ్మరాదన్నది సాధారణ సూత్రం కనుక ఖియాస్ ప్రకారం ఈ ఒప్పందం చెల్లకూడదు. కానీ చెప్పులు కుట్టించుకోవడం, పాత్రలు పోయించుకోవడం వంటివి జనమంతా ఎవరూ కాదనకుండా చేస్తున్న పనులు కాబట్టి హనఫీలు ఇస్తిహ్సాన్ ద్వారా దీన్ని ‘ఇస్తిస్నా’ అన్న పేర ఆమోదించారు; బయానా ఇచ్చి, పని సాగే కొద్దీ మిగతాది చెల్లించవచ్చు. షాఫయీ శాఖ దృష్టిలో ఇటువంటి ఒప్పందం ‘సలం’ అనే ముందస్తు కొనుగోలు నియమాలకు లోబడితేనే నిలుస్తుంది, సలంలోనేమో సొమ్మంతా ఒప్పందం నాడే చెల్లించాలి. ఓడ పూర్తయ్యాక కొనేవాడు వద్దనవచ్చా అన్న దగ్గర హనఫీల లోపలే అభిప్రాయ భేదం వచ్చింది. చూసిన తర్వాత నిరాకరించే హక్కు కొనుగోలుదారుకు ఉందని అబూ హనీఫా అనగా, చెప్పిన కొలతల ప్రకారం ఉంటే ఇరుపక్షాలూ కట్టుబడాలని ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ (798) అభిప్రాయంగా చెబుతారు. నెలల తరబడి కూలీలు పెట్టి కట్టిన ఓడ విషయంలో శిష్యుడి మాటే న్యాయంగా తోస్తుంది.

కాకినాడ వంటి ఊరికి వ్యాపారం కంటే దగ్గరి విషయం తిండి. చేపల రేవులో ఒక గంప దింపితే అందులో ఏది తినదగినది అన్న ప్రశ్నకు శాఖలు మూడు విధాలుగా సమాధానమిస్తాయి. సముద్రపు వేట మీకు ధర్మసమ్మతం చేయబడిందన్న ఖురాన్ భావాన్ని విశాలంగా తీసుకుని షాఫయీలు, మాలికీలు జలచరాలను దాదాపు అన్నింటినీ అనుమతించారు కాబట్టి, భూమ్మీద కూడా బతికే పీత విషయంలో షాఫయీలలో వివాదం ఉన్నా, గంపలో మిగతాదంతా చెల్లుతుంది. హనఫీలు నీటి జీవుల్లో చేపను మాత్రమే అనుమతిస్తారు. కనుక పీత పక్కకు పోతుంది, సొర, జెల్ల, వాలుగ, మలుగుపాము చేప జాతివే కాబట్టి ఉంటాయి, అయితే దానంతటది చచ్చి నీటి మీద తేలిన చేప పనికిరాదు. జాఫరీలకు కొలమానం పొలుసు. పొలుసున్న పులస ఉంటుంది, పొలుసు లేని జెల్ల, వాలుగ, మలుగుపాము, సొర పోతాయి. మలుగుపామును తినకపోవడం కూఫాలో తొలి శతాబ్దాల నుంచే షియాల గుర్తుగా పేరుపడింది. ఇక రొయ్య దగ్గర అసలు తమాషా ఉంది: పొలుసు కొలమానంగా గల జాఫరీలు ప్రత్యేక ప్రవచనాల ఆధారంతో రొయ్యను అనుమతించగా, చేపను మాత్రమే అనుమతించే హనఫీలు రొయ్య చేపా కాదా అన్న వాదంలో పడ్డారు. అరబ్బీ నిఘంటుకర్తలూ, జంతుచరిత్ర రాసిన దమీరీ దాన్ని చేపల్లో చేర్చారు కాబట్టి తినవచ్చని హనఫీ పండితుడు అష్రఫ్ అలీ థానవీ వంటివారు తీర్పిచ్చారు. జీవశాస్త్రం ప్రకారం అది చేప కాదు కాబట్టి మానడమే మేలని ఇంకొందరు అన్నారు. రొయ్యల వ్యాపారం మీదే ఇంత ఆర్థిక వ్యవస్థ నిలిచిన గోదావరి జిల్లాల్లో ఈ చర్చ ఎటు మొగ్గిందో ఏ ముస్లిం ఇంటి పెళ్ళి విందులోనైనా తెలుస్తుంది.

1570లలో రాజమహేంద్రవరం గోల్కొండ కుతుబ్ షాహీల చేతికి వచ్చాక ఈ ప్రాంతం మీద మొదటిసారిగా షియా రాజవంశపు పాలన వచ్చింది. పన్నెండుగురు ఇమాముల పేర శుక్రవారపు ప్రసంగం ‘ఖుత్బా’ను చదివించిన సుల్తాన్ కులీ స్థాపించిన ఈ వంశం ఇరాన్ నుంచి పండితులను పిలిపించుకుంది. 1581లో గోల్కొండకు వచ్చిన మీర్ మోమిన్ అస్తరాబాదీ పేష్వా పదవిలో దశాబ్దాలపాటు ఆ రాజ్యపు మత, పాలన వ్యవహారాలను నడిపించాడు. మచిలీపట్నంలో ఇరానీ వర్తకులు స్థిరపడ్డారు. అయినా గోదావరి డెల్టాలోని సాధారణ ముస్లింలు జాఫరీ శాఖలోకి మారలేదు. వందేళ్ళకు పైబడిన ఆ పాలన ఇక్కడ విడిచిపోయిన ముద్ర ధర్మశాస్త్రంలో కంటే ఆచారంలోనే కనిపిస్తుంది. పీర్ల పండుగలో పంజాలెత్తి ఊరేగేవారిలో హనఫీ సున్నీలూ, హిందువులూ కలిసి ఉంటారు. అదే ఇంట్లో ఆస్తి పంచుకోవలసి వచ్చినప్పుడు మాత్రం హనఫీ శాఖే మాట్లాడుతుంది. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించడంతో, తన ఆజ్ఞ మీద పండిత బృందం కూర్చిన హనఫీ సంకలనం ఫతావా ఆలంగీరీ అప్పటికే చేతిలో ఉన్న ప్రభుత్వం ఇక్కడికి వచ్చింది.

హనఫీ, జాఫరీ భేదం ఎంత లోతైనదో తెలియాలంటే వారసత్వ లెక్క చేసి చూడాలి. పన్నెండు ఎకరాల మాగాణి విడిచి ఒకాయన చనిపోయాడనీ, ఆయనకు ఒక కూతురు, ఒక సోదరుడు మాత్రమే ఉన్నారనీ అనుకుంటే, హనఫీ ధర్మం కూతురికి ఖురాన్ నిర్ణయించిన సగం వాటాగా ఆరెకరాలిచ్చి, మిగిలిన ఆరెకరాలను పురుష సంబంధం గల దాయాదిగా, అనగా ‘అసబా’గా సోదరుడికి ఇస్తుంది. జాఫరీ ధర్మం దాయాది అన్న భావననే గుర్తించదు. దగ్గరి రక్తబంధువు దూరపువారిని తొలగిస్తారు కాబట్టి పన్నెండెకరాలూ కూతురికే పోతాయి. ప్రవక్తకు వారసత్వం కూతురు ఫాతిమా ద్వారానే అన్న షియా రాజకీయ విశ్వాసమూ, ఈ లెక్కా ఒకే వేరు నుంచి వచ్చినవన్న వాదాన్ని కొందరు చరిత్రకారులు ముందుకు తెచ్చారు. ఇంకొక సందర్భంలో, ఒక స్త్రీ భర్తను, తల్లిదండ్రులను, ఇద్దరు కూతుళ్ళను విడిచి చనిపోతే, భర్తకు నాలుగోవంతు, తల్లికి ఆరోవంతు, తండ్రికి ఆరోవంతు, కూతుళ్ళకు మూడింట రెండొంతులు అని నిర్ణీత వాటాలు పెడితే మొత్తం పన్నెండులో పదిహేను భాగాలవుతుంది. ఉన్న నేల కంటే పంచవలసిన వాటా ఎక్కువైన ఈ చిక్కును రెండవ ఖలీఫా ఉమర్ కాలంలో ‘ఔల్’ అనే పద్ధతితో తీర్చారు: నేలను పదిహేను భాగాలు చేసి అందరినీ ఒకే నిష్పత్తిలో తగ్గించారు. అప్పుడు పన్నెండెకరాల్లో భర్తకు 2 ఎకరాల 40 సెంట్లు, తల్లికి, తండ్రికి చెరి 1 ఎకరా 60 సెంట్లు, ఇద్దరు కూతుళ్ళకు కలిపి 6 ఎకరాల 40 సెంట్లు వస్తాయి. ప్రవక్త సహచరుల్లోనే ఇబ్న్ అబ్బాస్ దీన్ని ఒప్పుకోలేదు. జాఫరీలు ఆయన దారిలో భర్తకు మూడు, తల్లిదండ్రులకు రెండేసి ఎకరాలు పూర్తిగా ఇచ్చి, తరుగంతా కూతుళ్ళ మీద వేసి వారికి ఐదెకరాలు మిగులుస్తారు. మొదటి లెక్కలో కూతురి పక్షాన నిలిచిన శాఖ రెండో లెక్కలో ఆమెకు వ్యతిరేకంగా కనిపిస్తుంది. ఏ శాఖ ఉదారమైనది, ఏది కఠినమైనది అని మొత్తంగా తీర్పు చెప్పబోయే పుస్తకాలు తడబడేది ఇటువంటి చోట్లనే.

1765-66లో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక ముస్లిం ధర్మశాస్త్రం మీద మరొక రకమైన అధికారం నిలిచింది. బెంగాల్ నమూనాలో 1802లో వెలువడిన మద్రాసు రెగ్యులేషన్లు జిల్లా అదాలత్‌లను, ఉత్తర మండలానికి మచిలీపట్నంలో ప్రొవిన్షియల్ కోర్టును ఏర్పాటు చేశాయి. ఆశ్చర్యం కలిగించే విషయం ఏమిటంటే, 1862లో భారతీయ శిక్షాస్మృతి అమలులోకి వచ్చే వరకు నేర విచారణలకు ఆధారం, కంపెనీ చేసిన సవరణలతో కూడిన ముస్లిం ధర్మమే, అదీ హిందువులకు కూడా. కోర్టులో ముస్లిం ధర్మాధికారి, అనగా ముఫ్తీ, ఫత్వా ఇచ్చేవాడు. హత్యా నేరంలో అబూ హనీఫా ప్రకారం ప్రాణానికి ప్రాణం తీసే శిక్ష, ‘ఖిసాస్’, పదునైన ఆయుధంతో చంపినప్పుడే వర్తిస్తుంది. నీళ్ళలో ముంచి చంపినవాడికి అది వర్తించదు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ మాత్రం సాధారణంగా ప్రాణం తీసే ఏ ఉపాయమైనా ఒకటేనన్నారు. కాలువలూ, పాయలూ నిండిన డెల్టాలో ఈ భేదం పుస్తకాలకు పరిమితమైనది కాదు. 1790లో కారన్‌వాలిస్ బెంగాల్‌లో గురువు మాటను తొలగించి శిష్యుల మాటను, అనగా ఆయుధాన్ని కాక ఉద్దేశాన్ని చూడాలన్న సూత్రాన్ని ఖాయం చేశాడు. హతుడి వారసులు హంతకుణ్ణి క్షమించే హక్కునూ కంపెనీ తీసివేసింది. ఒకే శాఖ లోపలి అభిప్రాయాల్లో నుంచి ఒకదాన్ని ఎంచుకోవడం పూర్వం ఖాజీ పని. ఇప్పుడు ఆ పని గవర్నర్ జనరల్ చేశాడు.

పౌర వ్యవహారాల్లో వారసత్వం, వివాహం, మతాచారాల వరకు ముస్లింలకు ముస్లిం ధర్మాన్ని వర్తింపజేస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది గానీ, ఏ ముస్లిం ధర్మాన్ని అన్నది చెప్పలేదు. ఇంగ్లీషు న్యాయమూర్తుల బల్ల మీద ఉన్నది 1791లో చార్లెస్ హామిల్టన్ అనువదించిన హిదాయా, విలియం జోన్స్ అనువదించిన సిరాజియా; రెండూ హనఫీ గ్రంథాలే. షియాలకు కూడా వీటినే వర్తింపజేసే అలవాటును 1841లో బెంగాల్‌కు చెందిన రాజా దీదార్ హుసేన్ కేసులో ప్రీవీ కౌన్సిల్ ఆపి, షియాలకు షియా ధర్మమే వర్తిస్తుందని తేల్చింది. తర్వాత బెయిలీ 1865లో హనఫీ సంగ్రహాన్ని, 1869లో ఇమామియా సంగ్రహాన్ని ప్రచురించడంతో, సయ్యద్ అమీర్ అలీ వంటి గ్రంథకర్తలు శాఖలను పక్కపక్కన పెట్టి వివరించేదాకా, కోర్టు దృష్టిలో ఇస్లామీయ ధర్మమంటే దాదాపుగా ఆ రెండు సంపుటాలే అయిపోయింది. శాఖలు తమలో తాము విభేదించినచోట కోర్టు ఎప్పుడో ఒకసారి వాటన్నింటినీ పక్కకు పెట్టింది కూడా. పొరుగువాడు అమ్మే భూమిని ముందుగా కొనే హక్కు, ‘షుఫా’, ఇందుకు ఉదాహరణ: హనఫీలు పొరుగువాడికీ దీన్ని ఇస్తారు, షాఫయీలు, మాలికీలు ఉమ్మడి హక్కుదారుకే పరిమితం చేస్తారు, జాఫరీలు హక్కుదారులు ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం ఒప్పుకుంటారు. 1870లో మద్రాసు హైకోర్టు ఈ హక్కు ‘న్యాయం, సమత, మంచి మనస్సాక్షి’కి సరిపడదని, మద్రాసు ప్రెసిడెన్సీలో చట్టంగా ఇది చెల్లదని తేల్చేసింది. ఉత్తర భారతంలో కోర్టులను దశాబ్దాలపాటు నింపిన షుఫా వ్యాజ్యాలు గోదావరి జిల్లాలో కనబడకపోవడానికి కారణం అదే.

1864లో ప్రభుత్వం కోర్టుల్లోని హిందూ, ముస్లిం ధర్మాధికారుల పదవులను రద్దు చేస్తూ ఖాజీల నియామకం నుంచి కూడా తప్పుకుంది. నికాకు, పెళ్ళి దస్తావేజుకు ఖాజీ లేకపోతే ఎలాగన్న ఇబ్బంది మద్రాసు ప్రెసిడెన్సీలో గట్టిగా వినిపించడంతో, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ప్రవేశపెట్టిన బిల్లు 1880లో ఖాజీల చట్టమై, తొలుత మద్రాసు ప్రెసిడెన్సీకే వర్తించింది. ఆ చట్టమే ఖాజీకి న్యాయాధికారం ఏదీ లేదని కూడా స్పష్టంగా చెప్పింది. దాంతో ఖాజీ నికా చదివి, మెహర్ మొత్తం రిజిస్టరులో రాసి, వధూవరుల సమ్మతి అడిగి సాక్షుల సంతకాలు తీసుకునే ఉద్యోగిగా మిగిలాడు. తీర్పు చెప్పే పని మునసబు కోర్టుకు పోయింది.

1923 డిసెంబరులో కాకినాడ ఈ శాఖల చరిత్రలో అనుకోకుండా ఒక మజిలీ అయింది. మౌలానా ముహమ్మద్ అలీ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ, దానితోపాటు తుర్కీలోని ఖలీఫా పదవిని నిలబెట్టాలని కోరిన ఖిలాఫత్ మహాసభ ఇక్కడ జరిగాయి. ఖలీఫా ఖురైష్ తెగవాడై ఉండాలన్నది షాఫయీ పండితుడు మావర్దీ పదకొండవ శతాబ్దంలో చెప్పిన నియమాల్లో ఒకటి. ఉస్మానీ తుర్కులు ఖురైషీలు కాకపోయినా హనఫీ పండితులు అధికారంలో ఉన్న పాలకుడి వాస్తవ బలాన్ని చూసి వారిని ఒప్పుకున్నారు. జాఫరీలకైతే ఇమాం దైవ నిర్దేశం వల్ల వచ్చేవాడే కాబట్టి సున్నీ ఖిలాఫత్‌కు ధర్మబద్ధతే లేదు. అయినా కాకినాడ సభకు కొద్ది వారాల ముందు ఖిలాఫత్‌ను నిలబెట్టమని తుర్కీ ప్రభుత్వానికి లేఖ రాసినవారు ఇద్దరూ షియాలే, ఆగాఖాన్, అమీర్ అలీ. ఆ లేఖను విదేశీ జోక్యంగా చూపి అంకారా ప్రభుత్వం 1924 మార్చిలో ఖిలాఫత్‌ను రద్దు చేసింది. ధర్మశాస్త్ర భేదాలు రాజకీయ అవసరం ముందు ఎంత తేలికగా పక్కకు జరుగుతాయో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ దొరకదు.

ఒక శాఖ నుంచి వేరొక శాఖలోకి దాటడం అన్న ప్రశ్న అసలు తీవ్రతతో ఎదురైనది మహాసభల్లో కాదు, భర్త కనబడకుండా పోయిన ఇంట్లో. కోరంగి రేవు 1839 తుపానులో దెబ్బతిన్నాక బర్మా ప్రయాణాలకు కాకినాడ ముఖ్య రేవు అయింది. రంగూన్ మిల్లుల్లో, ఓడరేవులో కూలికి వెళ్ళిన వేలాది తెలుగువారిని అక్కడ కోరంగీలనే పిలిచారు. వెళ్ళినవాడి నుంచి ఉత్తరమూ రాక, మనియార్డరూ రాక ఏళ్ళు గడిస్తే, జాడ తెలియని ఆ మనిషిని ధర్మశాస్త్రం ‘మఫ్‌ఖూద్’ అంటుంది. హనఫీ శాఖ అతని ఈడువారంతా పోయేదాకా, పండితులు ఖాయం చేసిన లెక్క ప్రకారం అతని వయసు తొంభై ఏళ్ళయ్యేదాకా, అతన్ని బతికి ఉన్నట్లే లెక్కించి భార్యను వేచి ఉండమంటుంది. ఇది ఆమెకు వచ్చిన పరీక్ష, ఓర్చుకోవలసిందేనన్న ఖలీఫా అలీ అభిప్రాయం వారి ఆధారం. మాలికీ శాఖ ఖలీఫా ఉమర్ తీర్పును పట్టుకుని, ఆమె ఖాజీ దగ్గర మొర పెట్టిన తర్వాత నాలుగేళ్ళు, ఆపైన భర్త చనిపోయినట్లే నాలుగు నెలల పది రోజుల ‘ఇద్దత్’ గడిపి మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చంటుంది. భార్యకు భరణం ఇవ్వని, హింసించే భర్త విషయంలోనూ హనఫీల కంటే మాలికీలు ఎక్కువ దారులు తెరిచి ఉంచారు. హనఫీ స్త్రీలకు వేరే దారి దొరకక కొందరు, ముఖ్యంగా పంజాబులో, మతం మారినట్లు ప్రకటించి వివాహ బంధం తెంచుకోవడం మొదలుపెట్టడంతో పండితులు ఉలిక్కిపడ్డారు. అష్రఫ్ అలీ థానవీ మదీనాలోని మాలికీ పండితుల అభిప్రాయాలు తెప్పించుకుని, 1930ల తొలినాళ్ళలో వెలువరించిన గ్రంథంలో, అగత్యమైన కష్టంలో హనఫీ స్త్రీకి మాలికీ మార్గాన్ని వర్తింపజేయవచ్చని, ముస్లిం ఖాజీ లేనిచోట ధర్మపరులైన ముస్లింల పంచాయతీ ఆ నిర్ణయం చేయవచ్చని చెప్పాడు. నాలుగు శాఖల్లో ఎక్కడ వీలుంటే అక్కడ సులువైన విధానాన్ని ఏరుకోవడాన్ని, ‘తల్ఫీఖ్’ను, సంప్రదాయ పండితులు అనుమానంగా చూస్తారు, థానవీ చేసింది అది కాదనీ, ఒక్క సమస్యలో ఒక్క శాఖ విధానాన్ని షరతులతో సహా తీసుకోవడమనీ ఆయన పక్షం వారు జాగ్రత్తగా వేరు చేసి చూపారు.

1936లో ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టిన బిల్లు ఈ మార్గాన్నే పట్టి 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టమైంది. నాలుగేళ్ళు భర్త జాడ తెలియకపోవడం అందులోని మొదటి కారణం. హనఫీ ధర్మం కష్టం కలిగించినప్పుడు మాలికీ, షాఫయీ, హంబలీ విధానాలను వర్తింపజేయవచ్చని హనఫీ ధర్మవేత్తలే చెప్పారన్న మాట బిల్లు ఉద్దేశ ప్రకటనలోనే ఉంది. విడాకుల తీర్పు ముస్లిం న్యాయమూర్తే ఇవ్వాలన్న పండితుల కోరిక మాత్రం చట్టంలోకి ఎక్కలేదు, అలా వదిలేయడాన్ని అప్పట్లో ఉలమా, అనగా ఆ పండితులు, తీవ్రంగా ఆక్షేపించారు. కాకినాడ పక్కనే ఉన్న పిఠాపురానికి చెందిన కవి, ఆధ్యాత్మిక పీఠాధిపతి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు చేసిన ఉమర్ ఆలీషా ఉత్తర మద్రాసు ముస్లిం నియోజకవర్గం నుంచి ఆ శాసనసభలో సభ్యుడిగా ఉన్న కాలమది. చట్టం వచ్చిన మూడేళ్ళకే, 1942లో జపాను సేనలు రంగూన్‌ను పట్టుకున్నప్పుడు, బర్మాలోని భారతీయులు అడవుల గుండా కాలినడకన తిరిగి రావలసి వచ్చి, దారిలో ఎంతోమంది జాడ లేకుండా పోయారు. తొంభై ఏళ్ళ లెక్కకూ, నాలుగేళ్ళ లెక్కకూ మధ్య తేడా ఏమిటో ఈ తీరంలోని కుటుంబాలకు ఇంతకంటే విడమరచి చెప్పనక్కరలేదు.

ఢిల్లీలో ఆ వివాహాల రద్దు బిల్లు నలుగుతుండగానే, 1938లో, హైదరాబాదులోని ఒక పండిత సంస్థ, అబుల్ వఫా అఫ్ఘానీ పరిష్కరణలో, అబూ యూసుఫ్ రాసిన చిన్న గ్రంథమొకదాన్ని అచ్చుకు తెచ్చింది. అబూ హనీఫాకూ, ఆయన సమకాలికుడైన కూఫా ఖాజీ ఇబ్న్ అబీ లైలాకూ మధ్య ఏయే విషయాల్లో భేదాభిప్రాయం ఉందో ఒక్కొక్కటిగా చెప్పే ఆ గ్రంథం, ఇద్దరి దగ్గరా చదువుకున్న శిష్యుడు రాసినది. ‘ఇఖ్తిలాఫ్’, అనగా భేదాల శాస్త్రం, ఎంత పాతదో దీన్ని బట్టి తెలుస్తుంది. శాఖలు శాఖలుగా గట్టిపడక ముందు నుంచే ధర్మవేత్తలు ఎదుటివారి వాదాన్ని వారి ఆధారాలతో సహా రాసి పెట్టేవారు. పన్నెండవ శతాబ్దంలో కార్డోబా ఖాజీ ఇబ్న్ రుష్ద్ ఈ శాస్త్రాన్ని ఒక మెట్టు పైకి తీసుకెళ్ళి, ఎవరేమన్నారన్న దానితో ఆగక, ఏ పదం రెండర్థాలివ్వడం వల్ల, ఏ ప్రవచనం ఒకరికి చేరి మరొకరికి చేరకపోవడం వల్ల ఆ భేదం పుట్టిందో కారణం చూపాడు.

ఇక వారసత్వం విషయానికి వస్తే, 1937 షరీయత్ చట్టం స్థానిక ఆచారాలను తొలగించి ముస్లింలందరికీ వారి ధర్మశాస్త్రాన్నే వర్తింపజేసినా, వ్యవసాయ భూమి రాష్ట్రాల పరిధిలోనిది కావడంతో దాన్ని మినహాయించింది. ఆస్తి అంటే భూమే అయిన గోదావరి డెల్టాలో ఆ మినహాయింపు చట్టంలో పెద్ద భాగాన్ని ఉత్తదిగా చేసినట్లే. 1949లో మద్రాసు శాసనసభ సవరణతో ఆ మినహాయింపును తీసివేయగా, ఆడపిల్లలకు పొలంలో వాటా లేదన్న వాడుకను కోర్టులో నిలబెట్టుకునే దారి మూసుకుపోయి, హనఫీ కూతురు ఇంటిలో అడిగినట్లే ఆయకట్టు పొలంలోనూ తన వాటా అడిగే హక్కు పొందింది. అదే సవరణ సంతానం లేని షియా వితంతువుకు మాత్రం వేరొక ఫలితాన్నిచ్చింది: జాఫరీ ధర్మం ప్రకారం ఆమెకు చరాస్తిలో, భూమి మీది కట్టడాల విలువలో వాటా ఉంది గానీ నేలలో లేదు; ఏదైనా స్థానిక ఆచారం ఆమెకు పొలంలో కొంత ఇస్తూ వచ్చి ఉంటే, ఇకమీదట దాన్ని చూపి కోర్టుకెక్కే అవకాశం ఆమెకు లేకపోయింది.